రిమ్ములకు రంగు: ఇంట్లో స్ప్రే డబ్బానా, షాపులో పౌడర్ కోటింగా?

చెన్నైలో కారు రిమ్ములకు తుప్పు మామూలే. సముద్రపు గాలిలో ఉప్పు ఎలాగూ ఉంది, దానికి తోడు 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానప్పుడు మా వేళచ్చేరిలో కార్లు చక్రాలు మునిగేదాకా నీళ్లలో నిలబడ్డాయి. నా పాత కారు స్టీలు రిమ్ములు ఆ తర్వాతే పొక్కులు లేచి పెచ్చులు ఊడటం మొదలైంది. నేను స్ప్రే డబ్బాలు తెచ్చి ఇంట్లోనే రంగు వేసుకున్నాను. పెరంబూరులో ఉండే మా బావమరిది తన అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమం) రిమ్ములకు షాపులో పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు పట్టించి వేడిలో కాల్చే పూత, చేయించాడు. రెండూ దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఖర్చులో పోలికే లేదు. కారు సామాన్లు అమ్మే జీపీ రోడ్డులో ప్రైమర్ (రంగు కింద వేసే పూత), సిల్వర్, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) డబ్బాలు, ఎమరీ పేపర్లు, టేపు అన్నీ కలిపి నాకు రెండు వేల చిల్లర అయింది. బావమరిదికి ఒక్కో రిమ్ముకే వెయ్యి పైన, ఆపైన టైర్లు విప్పి ఎక్కించడం, కొత్త వాల్వులు, బ్యాలెన్సింగ్ వేరే.

కానీ డబ్బు కంటే ముందు చూడాల్సింది తుప్పు ఎక్కడ ఉందన్నది. బయటికి కనిపించే ముఖం మీద మాత్రమే ఉంటే స్ప్రే డబ్బా చాలు. టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోట తుప్పు పడితే మాత్రం గాలి కొంచెం కొంచెంగా దిగిపోతుంది, వారానికోసారి గాలి కొట్టించుకుంటూ పంక్చర్ ఏమో అనుకుంటాం. సబ్బు నీళ్లు ఆ అంచు చుట్టూ పోసి చూడండి, బుడగలు వస్తే పైన ఎంత రంగు వేసినా లాభం లేదు. టైరు విప్పాల్సిందే. విప్పుతున్నాం కాబట్టి పౌడర్ కోటింగ్‌కే ఇవ్వడం మేలు, ఎందుకంటే వాళ్లు ఇసుకతో కొట్టి పాత రంగు, తుప్పు మొత్తం లేపేస్తారు, ఆ తర్వాత పొడి పట్టించి 180 నుంచి 200 డిగ్రీల దాకా వేడిలో కాలుస్తారు. రాళ్లు తగిలినా ఆ పూత తొందరగా లేవదు. అల్లాయ్ అయితే ఎంత వేడిలో, ఎంతసేపు పెడతారో అడగండి, మరీ ఎక్కువైతే లోహం బలం తగ్గుతుంది. ఇంకోటి, నట్లు కూర్చునే గుంటల్లో పూత పడకుండా మూయమని గట్టిగా చెప్పండి. బావమరిది రిమ్ములకు అక్కడ కూడా మందంగా పూసేశారు, అది నలిగేసరికి వారంలో నట్లు వదులయ్యాయి. కారు ఊగుతుంటే చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఇంట్లో చేసినా ఇదే జాగ్రత్త. రంగు వేసిన చక్రం ఎక్కించాక 50, 100 కిలోమీటర్లకు ఒకసారి నట్లు మళ్లీ బిగించి చూడాలి.

ఇంట్లో చేస్తే అసలు పని గీకడమే. నాలుగు రిమ్ములకూ రంగు వేసిన సమయం కంటే ఒక్క రిమ్ము గీకడానికి పట్టిన సమయమే ఎక్కువ. ముందు సబ్బుతో బ్రేక్ మసి పోయేదాకా కడిగి, తుప్పు మీద 80 నంబరు పేపరు, తర్వాత 320, చివర 600 తో నునుపు చేసి, థిన్నర్ గుడ్డతో తుడవాలి. స్టీలుకు తుప్పు ఆపే ప్రైమర్, అల్లాయ్‌కి లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్, ఇవి తారుమారైతే అల్లాయ్ మీద రంగు పొరలా ఊడొస్తుంది. టైరుకీ రిమ్ముకీ మధ్య పాత పెళ్లి పత్రికలు ముక్కలు చేసి దోపాను, టేపు కంటే ఎంతో సులువు. జానెడు దూరం నుంచి పల్చగా, పది పదిహేను నిమిషాలు ఆగుతూ మూడు పూతలు. స్టెప్నీతో మొదలుపెట్టండి, చెయ్యి అలవాటవుతుంది, అది ఆరాక కారుకు ఎక్కించి ఒక్కో చక్రం విప్పుకుంటూ పోతే కారు ఆగిపోదు.

చెన్నైలో ఈ పనికి జనవరి నుంచి మార్చి దాకా మంచిది, అదీ పొద్దెక్కాక. నేను ఒక రిమ్ముకు సాయంత్రం తేమలో క్లియర్ కొట్టాను, తెల్లగా పొగ పట్టినట్టయింది, మళ్లీ గీకి వేయాల్సి వచ్చింది. వేశాక వారం దాకా ప్రెషర్ వాష్ వద్దు.

వీల్ క్యాపులు తొడిగితే చాలదా అంటారు కొందరు. చూడ్డానికి చాలు, కానీ కింద తేమ నిలిచి తుప్పు ఇంకా పెరుగుతుంది. గీకి ప్రైమర్ వేసి తొడగండి, అప్పుడు సరే.

ఏడాది దాటాక నా మూడు రిమ్ములు బాగానే ఉన్నాయి, అక్కడక్కడ రాళ్ల గాట్లు తప్ప. వెనక ఎడమ చక్రానికి మాత్రం సబ్బు నీళ్లలో బుడగలు కనిపించాయి. ఆ ఒక్కదాన్నీ టైరు విప్పించి పౌడర్ కోటింగ్‌కి ఇస్తున్నాను.