నెల్లూరు వేదాయపాళెం పెట్ క్లినిక్: రక్తం చూశాకే మందు రాస్తారు

కుక్కకి జ్వరం అని తీసుకెళ్తే చాలా చోట్ల ఒంటి మీద చెయ్యేసి చూసి, ఒక ఇంజక్షన్ పొడిచి, రెండు రోజులు చూడండి అని పంపించేస్తారు. ఇక్కడ అలా లేదు.

మా లాబ్రడార్ తిండి మానేసి మంచం కింద నుంచి రాకపోతే తీసుకెళ్లాం. డాక్టర్ గారు ముందు పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతికితే పిడుదులు దొరికాయి. చెవి అంచున సూదితో గుచ్చి చుక్క రక్తం స్లైడు మీద పూశారు, ముందుకాలి నరం నుంచి తీసింది కౌంట్‌కి పంపారు. ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి, కిట్ టెస్టులో ఎర్లీకియా (రక్తకణాల్లో చేరే బ్యాక్టీరియా జబ్బు) పాజిటివ్. స్లైడులో బబీసియా (ఎర్ర రక్తకణాల్లో చేరే పరాన్నజీవి) కనపడలేదు గానీ అంతమాత్రాన లేదనుకోవద్దు, తగ్గకపోతే పీసీఆర్‌కి (క్రిమి జన్యువుని వెతికే ల్యాబ్ టెస్టు) పంపుదాం అన్నారు. రెండూ పిడుదుల వల్ల వచ్చేవే అయినా ఎర్లీకియాకి ఇచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ ఒక్కదానికే బబీసియా లొంగదట, దాని మందులు వేరు.

మాకు డాక్సీ 28 రోజులు రాశారు, రోజుకి కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల లెక్కన, అదీ అన్నం తిన్నాకే. కుక్క లేచి తిరగడం మొదలెట్టగానే చాలామంది ఆపేస్తారని, ఆపొద్దని చీటీ మీద ఎర్ర పెన్నుతో రాసి కింద గీత గీసి మరీ ఇచ్చారు. కోర్సు అయ్యాక కిట్ టెస్ట్ మళ్లీ చేయండి అని మా ఆవిడ అడిగితే "వద్దమ్మా, అది చూపించేది యాంటీబాడీలను, జబ్బు తగ్గినా నెలల తరబడి పాజిటివే వస్తుంది, ప్లేట్‌లెట్స్ చూస్తే చాలు" అన్నారు. చేతికొచ్చిన టెస్టు డబ్బులు వద్దనే డాక్టర్ని నేనైతే ఇప్పుడే చూడటం.

ఒక స్టార్ తగ్గించింది ఎందుకంటే, ఇంటి సంగతి ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పలేదు. ఈ గోధుమరంగు పిడుదు రక్తం తాగాక కిందికి దిగి గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది, కుక్కకి మాత్ర వేసి గోడల్ని వదిలేస్తే మళ్లీ మొదటికే. గుచ్చి గుచ్చి అడిగితే కాంపౌండర్ చెప్పాడు. బిల్లు కూడా అంతే, అడిగితేనే దేనికెంతో విడగొట్టి రాస్తారు.

సాయంత్రం వెళ్తే గంటకు తక్కువ పట్టదు, కుక్కలూ పిల్లులూ ఒకే వరండాలో, మేమున్నప్పుడు కోవూరు నుంచి ఎవరో మేకపోతును కూడా తెచ్చారు, ఇక ఆ గోల చెప్పక్కర్లేదు. పొద్దున్నే వెళ్లండి. స్నానం, గోళ్లు కత్తిరించడం లాంటివాటికైతే వేరే చోటికి పోవడం మంచిది, ఆ పని వీళ్లు విసుక్కుంటూ చేస్తారు.