నోకియా ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని కర్నూలు నుంచి లేపాక్షి దాకా

2010 జనవరిలో నోకియా వాళ్లు తమ ఫోన్ మ్యాప్ ఓవీ మ్యాప్స్‌లో మాటలతో దారి చెప్పే సదుపాయాన్ని ఉచితం చేశారు. అంతకుముందు దానికి విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది. ఆ ఉచిత జాబితాలో నా 5800 ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్ కూడా ఉంది. పాటలు వినడానికి కొన్న ఫోన్ కాస్తా దారి చూపే ఫోన్ అయింది. ఆ డిసెంబర్‌లో మా బావ కారులో కర్నూలు నుంచి బెలుం గుహలు, గండికోట, కడప, తిమ్మమ్మ మర్రిమాను మీదుగా లేపాక్షి దాకా వెళ్లొచ్చాం. నడిపింది బావ, ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుంది నేను. అందుకే చూసిన చోట్లతో పాటు ఆ ఫోన్ ఎక్కడ ఆదుకుందో, ఎక్కడ చేతులెత్తేసిందో కూడా బాగా గుర్తుంది. అప్పటికి ఇవన్నీ మూడు జిల్లాల్లోని ఊళ్లే. బెలుం ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి, లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయాయి.

బయల్దేరే ముందు చేసిన పనుల్లో బాగా కలిసొచ్చింది ఒకటుంది. దేశం మ్యాపంతా ఇంట్లో కంప్యూటర్ మీద దింపుకుని ఫోన్ మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నాను. 8 జీబీ కార్డు పెట్టెలోనే ఇచ్చారు కాబట్టి చోటుకు కరువు లేదు. గూగుల్ మ్యాప్స్ కూడా వేసుకున్నా గానీ, అది చూపించే ప్రతి ముక్కనూ అప్పటికప్పుడు నెట్ మీద తెచ్చుకోవాలి. ప్యాక్ వేయించుకోకపోతే 10 కేబీకి 10 పైసలు లాగే రోజులవి. వినడానికి పైసల్లో ఉంది గానీ లెక్క కడితే ఒక ఎంబీకి పది రూపాయల పైనే. శాటిలైట్ బొమ్మ పెట్టుకుని నాలుగు ఊళ్లు అటూ ఇటూ జరిపితే ఇద్దరి టిఫిన్ డబ్బులు ఎగిరిపోయేవి. పోనీ నెల ప్యాక్ వేయించుకుంటే డబ్బు సంగతి తేలుతుంది, స్పీడ్ సంగతి తేలదు. 3జీ వేలం ఆ వేసవిలోనే ముగిసింది. నేను వాడే కంపెనీ 3జీ సీమ దాకా ఇంకా రాలేదు. ఊళ్లో ఉంటే ఎడ్జ్ అనే 2జీ నెట్, పొలిమేర దాటితే దానికన్నా నెమ్మదైన ఉత్త జీపీఆర్‌ఎస్, ఇంకాస్త పోతే అదీ లేదు.

కర్నూల్లో దిగిన లాడ్జి పాతూరి వైపు. 2009 అక్టోబర్ వరద పోయి ఏడాది దాటినా మెట్ల దగ్గర గోడ మీద నీళ్లు నిలిచిన చార అలాగే ఉంది. కౌంటర్లో కుర్రాడు మేం అడక్కుండానే చూపించాడు. గది చవక, దుప్పట్లు శుభ్రం. ప్లగ్గు పాయింటు మాత్రం మంచానికి అందనంత దూరాన, బాత్రూం తలుపు పక్కన పెట్టారు. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి నేల మీద వదిలేస్తే రాత్రి లేచినప్పుడల్లా తొక్కుతానేమోనని టెన్షన్.

పొద్దున్నే ఉగ్గానీ బజ్జీ తిని, కొండారెడ్డి బురుజు దగ్గర జీపీఎస్ ఆన్ చేశాను. హైదరాబాద్‌లో ఆపిన జీపీఎస్‌ను కర్నూల్లో తెరిస్తే తానెక్కడుందో దానికి వెంటనే తెలీదు. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటిని పట్టుకోవాలి. ఏది ఎక్కడుందో చెప్పే వివరాలు కూడా వాటి నుంచే అందుకోవాలి. ఆ వివరాలు వచ్చేది సెకనుకు 50 బిట్ల చొప్పున. పూర్తి పట్టిక దిగాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అవే వివరాలు నెట్ మీద తెచ్చుకుంటే పని క్షణాల్లో అయిపోతుంది, దాన్నే ఏ-జీపీఎస్ అంటారు. ఆ పొద్దున నెట్ అందలేదు. బావ స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తూ, "ఏమబ్బీ, నీ ఫోన్‌కు ఇంకా తెల్లార్లేదా?" అన్నాడు. ఆ తర్వాత నుంచి లాడ్జి ఖాళీ చేసే ముందే మిద్దె మీదికెక్కి, ఊళ్లో నెట్ ఉండగానే మ్యాప్ మీద మేమున్న చోటు చూపే చుక్కను నిలబెట్టుకుని దిగేవాణ్ణి. రోజంతా ఇక ఇబ్బంది ఉండేది కాదు.

ఓర్వకల్లు రాళ్లు దాటి పాణ్యం దాకా హైవే. అక్కడ ఫోన్‌కు వంక పెట్టే పనే లేదు. ఇంగ్లిష్ ఆడగొంతు మలుపు రాకముందే హెచ్చరించేది, వేగం మించితే గుర్తు చేసేది. బావకు ఆ రెండోది నచ్చలేదు. బనగానపల్లె, అవుకు దాటాక అసలు సంగతి మొదలైంది. అదంతా నాపరాళ్ల నేల. గోడలు నాపరాళ్లే, గట్లు నాపరాళ్లే, ఎదురొచ్చే లారీల నిండా నాపరాళ్లే. క్వారీలకు పోయే దారులు అసలు రోడ్డు కన్నా వెడల్పుగా, గట్టిగా ఉంటాయి. అలాంటి దారొకటి పట్టుకున్నాం. స్క్రీన్ మీద గీతలన్నీ వెనకబడిపోయి, తెల్లటి ఖాళీలో మా బాణం గుర్తు ఒక్కటే కదులుతోంది. గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన్ని ఆపి అడిగితే, "ఈ దావన పోవద్దు నాయనా, క్వారీలో తేలుతారు. ఎనక్కి తిప్పుకోని, రాములోరి గుడి కాడ కుడిపక్కకు పోండి" అన్నాడు. ఫోన్ చుక్క తప్పు చూపించిందని నేననను. మేమున్న చోటు అదే. దాని కింద దారి గీసినవాళ్లే ఎవరూ లేరు. కొలిమిగుండ్ల చేరేదాకా మ్యాప్‌ను పక్కన పెట్టి జనాన్ని అడుగుతూ వెళ్లాం.

బెలుం గుహల్లో ఫోన్ ఊరికే బరువు. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న గుహల్లో సగం దాకానే జనాన్ని పోనిస్తారు. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ, దిగే చోటు నుంచి దాదాపు 150 అడుగుల కింద ఉంటుంది. ఉపగ్రహాల సంకేతం ఇంటి స్లాబునే సరిగా దాటలేదు, ఇంత సున్నపురాయిని ఏం దాటుతుంది? పైన గుంత దగ్గర చివరగా దొరికిన చుక్క, లోపలున్నంతసేపూ అక్కడే ఉండిపోయింది. కోటిలింగాలు, సప్తస్వరాల గుహ తప్పకుండా చూడాలి. ఉక్కపోతకు చొక్కా పిండుకునేంత చెమట పడుతుంది, నీళ్ల సీసా మరవకండి. గైడ్‌ను పెట్టుకోవడం మేలు. బోర్డులున్నా ఏ సందు ఎటు పోతుందో తెలిసినవాళ్లు ముందు నడిస్తే కుదురుగా చూడొచ్చు.

తాడిపత్రిలో భోజనానికి కూర్చున్నప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది. గూగుల్ లాటిట్యూడ్ అని అప్పట్లో ఒకటుండేది, మనం ఎక్కడున్నామో ఇంట్లోవాళ్లకు మ్యాప్ మీద చూపించేది. 2013లో దాన్ని ఎత్తేశారు. బయల్దేరేటప్పుడు గొప్పగా అది ఆన్ చేసి వచ్చాను. "పొద్దున్నుంచీ బనగానపల్లెలోనే ఉన్నారే, కారేమైనా చెడిపోయిందా?" అంటుంది. బనగానపల్లె దాటాక నెట్ పోయింది, నేనక్కడే కాపురం పెట్టినట్టు ఇంట్లో కంప్యూటర్ మీద బొమ్మ. డిసెంబర్‌లో బంగినపల్లి మామిడి కూడా ఉండదు, ఉందామన్నా సాకు లేదు. ఇంట్లోవాళ్ల కంగారు తగ్గించడానికి పెట్టిన సదుపాయం ఇలా కంగారు పెంచుతుంటే, ఆ సాయంత్రం దాన్ని ఆపేసి ఎస్సెమ్మెస్‌లకు మారిపోయాను. అవి మాత్రం ఎంత బలహీనమైన సిగ్నల్ మీదైనా వెళ్లిపోయేవి. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్లో చింతల వెంకటరమణస్వామి గుడి రెండూ చూశాం. ఆ గోపురాల రాతి పని గురించి చెప్పాలంటే వేరే రాయాలి.

గండికోటలో ఆ ఫోన్ విలువ, లోటు రెండూ తెలిశాయి. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన చోటది. అంచున నిలబడితే వందల అడుగుల కింద నది. మేం వెళ్లినప్పుడు అంచుకు కంచె లేదు. గూగుల్ మ్యాప్స్‌ను జీపీఎస్ లేకుండా, టవర్ ఆధారంగా మేమెక్కడున్నామో అడిగితే జమ్మలమడుగు చుట్టూ పెద్ద వలయం గీసి, ఇందులో ఎక్కడో ఉన్నారంది. పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి అంతకన్నా దగ్గరగా అది చెప్పలేదు. జీపీఎస్ పెడితే, ఏ అడ్డూ లేని ఆకాశం కదా, జుమ్మా మసీదుకూ ధాన్యాగారానికీ నడుమ మేం నిలబడ్డ చోటే చుక్క పడింది. ఫొటోలు తీస్తే వాటికి అక్షాంశ రేఖాంశాలు కూడా అంటించేది.

కానీ ఎండలో ఆ స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. చొక్కా కొంగు కప్పుకుని లోపల తల దూర్చి చూడాలి. అది గోటితో నొక్కితేనే కదిలే స్క్రీన్, ఇప్పటిలా వేలు ఆనిస్తే చాలదు. పైగా 5800లో దిక్సూచి లేదు. ఉన్న చోటు తెలుసు గానీ ఏ వైపు తిరిగి ఉన్నామో దానికి తెలీదు, నాలుగడుగులు నడిస్తే గానీ బాణం తిరగదు. లోయ అంచున తల వంచుకుని, ఫోన్‌ను చూసుకుంటూ నాలుగడుగులు వెయ్యడం ఎంత పిచ్చిపనో బావ గట్టిగా అరిచి మరీ చెప్పాడు. మాధవరాయస్వామి గుడి ఎటుందో కోటలో ఆడుకుంటున్న పిల్లలే చూపించారు.

రాత్రికి జమ్మలమడుగు వచ్చేశాం. అక్కడి లాడ్జి ఈ ట్రిప్పు మొత్తానికీ నాసి. సాయంత్రం కరెంటు పోతే పొద్దుపోయేదాకా రాలేదు, జనరేటర్ ఉందన్నారు గానీ డీజిల్ లేదట. జీపీఎస్ వాడకంతో బ్యాటరీ మధ్యాహ్నానికే చావుబతుకుల్లో ఉంది. అప్పట్లో ఒక్క సుఖం: నోకియా సన్న పిన్ను చార్జర్ లేని కొట్టు ఆంధ్రదేశంలో ఉండేది కాదు. మరుసటి పొద్దున బస్టాండ్ ఎదుట టీ బంకు ఆయన, మేం దోసెలు తినేంతసేపు చార్జింగ్ పెట్టి, డబ్బులిస్తే వద్దన్నాడు. గండికోట పొద్దు పొడుపు చూడాలనుకునేవాళ్లకు దగ్గరని అప్పట్లో ఆ ఊరు తప్పేది కాదు. ఆ ఆశ లేకపోతే కడప పోయి పడుకోవడమే మంచిదనిపించింది.

కడపలో మంచి హోటలే దొరికింది. అద్దె ఎక్కువ, వేణ్ణీళ్లు, లిఫ్టు, మంచం పక్కనే ప్లగ్గు. ఎడ్జ్ సిగ్నల్ కూడా నిలకడగా ఉంది. చాలా గంటల తర్వాత నెట్ సరిగా అందింది కదా అని కారం దోసె తింటూ తెలుగు వార్తలు చదువుకున్నాను. నా ఫోన్‌కు తెలుగు అక్షరాలు రావు, అన్నీ డబ్బాలే. ఒపెరా మినీ అనే బ్రౌజర్‌లో అడ్రస్ రాసే చోట ఒపెరా:కాన్ఫిగ్ అని కొట్టి, ఆఖర్న ఉండే బిట్‌మ్యాప్ ఫాంట్ల సెట్టింగ్ మారిస్తే, అక్షరాలను వాళ్ల సర్వర్‌లోనే బొమ్మలుగా మార్చి పంపేది. డేటా కాస్త ఎక్కువ తాగినా తెలుగు తెలుగులా కనిపించేది. ఈ కిటుకు తెలిసినవాడికి స్నేహితుల్లో భలే గిరాకీ.

పులివెందుల, కదిరి మీదుగా తిమ్మమ్మ మర్రిమాను చేరాం. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఈ చెట్టు అయిదెకరాల దాకా పరుచుకుని ఉంటుంది. కదిరి నుంచి దారి మ్యాప్‌లో చక్కగా ఉంది. నడిచిన దారిని గీతగా గీసే స్పోర్ట్స్ ట్రాకర్ ఆన్ చేసి చెట్టు చుట్టూ నడిచాను, గీత ఎలా పడుతుందో చూద్దామని. బయటి అంచున బాగానే పడింది. కొమ్మల కిందికి వచ్చేసరికి ఆకుల గుబురు సంకేతాన్ని చెదరగొట్టి, నేను నిలబడే ఉన్నా చుక్క అటూ ఇటూ తూలింది. చెట్టును చూడాలంటే ఊడల మధ్య తిరగాలి, అక్కడ ఫోన్ జేబులో ఉండటమే మర్యాద. తినడానికి దగ్గర్లో మాకేమీ కనపడలేదు, కదిరిలోనే కానిచ్చుకుని వెళ్లండి.

లేపాక్షికి పొద్దున్నే వెళ్లాలి. నంది మీద ఎండ అప్పుడు బాగుంటుంది, వీరభద్రస్వామి గుడి పైకప్పు చిత్రాలు తీరిగ్గా చూడొచ్చు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చేవాళ్ల గుంపు కూడా పెరగదు. రాత్రి హిందూపురంలో దిగడం అందరూ చేసే పనే, మేమూ అదే చేశాం. గది పెద్దది, మూడో అంతస్తు, గాలి బాగా వచ్చేది. నాకు ఫిర్యాదున్నది గది మీద కాదు, ఫోన్ కంపెనీ మీద. కర్ణాటక సరిహద్దు అక్కడికి బాగా దగ్గర. ఫోన్ ఏ టవర్ బలంగా ఉంటే దాన్ని పట్టుకుంటుంది. మంచం మీద పడుకుని ఉండగానే కర్ణాటకకు స్వాగతం అని ఎస్సెమ్మెస్ వచ్చింది. తెల్లారేసరికి రోమింగ్ లెక్కన బ్యాలెన్స్ కరిగిపోయింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "రాత్రంతా మీరు కర్ణాటకలో ఉన్నట్టు చూపిస్తోంది సార్" అన్నాడు. హిందూపురంలో ఉన్నాను, కావాలంటే జీపీఎస్ అంకెలు చదువుతాను రాసుకోమన్నాను. వాటిని రాసుకునే చోటు తన కంప్యూటర్లో లేదన్నాడు. డబ్బు రాలేదు. ఆ తర్వాత పెనుకొండ దాటి అటు వెళ్లినప్పుడల్లా సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, ఆంధ్రప్రదేశ్ టవర్‌కే కట్టేసేవాణ్ణి. సిగ్నల్ ఒక గీత తగ్గేది, బ్యాలెన్స్ మాత్రం నిలిచేది.