రక్షణ పోతుందా, పోదా? రెండు వాదాలు పక్కపక్కన

తప్పు చేసిన రాత్రి మోకరించినా నోట మాట రాక, దేవుడు నన్ను వదిలేశాడేమో అని కుమిలిపోయే విశ్వాసికి రక్షణ, అంటే యేసును నమ్మినవాడికి పాపం నుంచి దొరికే విడుదల, ఒకసారి దొరికాక పోతుందా అన్నది పుస్తకాల చర్చ కాదు.

వాక్యం: పోదు అనేవాళ్లు యోహాను 10:28 చూపిస్తారు, తన గొర్రెలను తన చేతిలోనుంచి ఎవరూ లాక్కోలేరని యేసు ఇచ్చిన మాట. పోతుంది అనేవాళ్లు హెబ్రీయులకు 6:4-6 తీస్తారు, వెలిగించబడ్డాక తప్పిపోయినవాళ్ల గురించిన హెచ్చరిక అది.

చరిత్ర: 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రొటెస్టెంట్ సంఘాల డార్ట్ మహాసభ పోదంది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ పోవచ్చన్నాడు.

ప్రమాదం: అసలు చిక్కంతా ఇక్కడే. పోదు అనే వాదాన్ని తప్పుగా పట్టుకుంటే, ఎలా బతికినా పర్లేదనే నిర్లక్ష్యం వస్తుంది. ఆ వాదం పట్టుకున్న, ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ బాటవాళ్లు మాత్రం అలా చెప్పరు, పూర్తిగా వదిలి వెళ్లిపోయినవాడు మొదట్నుంచీ మనవాడు కాదంటారు (1 యోహాను 2:19), దాంతో నా విశ్వాసం నిజమైనదేనా అనే కొత్త టెన్షన్ మొదలవుతుంది. పోతుంది అనే వాదంలో ప్రతి పొరపాటుకీ రక్షణ పోయిందనే భయం, అయితే వెస్లీ బాటలో తిరిగి రావడానికి దారి ఉంది.

శ్రమ: పరిశుద్ధంగా బతకాలని రెండూ అడుగుతాయి.

నా మటుకు నేను పోదు అనేవైపే. పశ్చాత్తాపంతో నలిగిపోతుంటే యోహాను 10 దగ్గర కూర్చోండి. తెలిసి తెలిసి పాపంలో ఉంటూ నాకేం కాదులే అనుకుంటుంటే, ముందు హెబ్రీ 6 చదవండి.