మా అల్లుడి హోటల్లో కొత్త గ్యాస్ మీటరు

తిరుపతి కే.టి. రోడ్డు దగ్గర మా అల్లుడిది టిఫిన్ హోటలు. సిలిండర్లు మాన్పించి పైపు గ్యాస్ పెట్టించాడు, ఎలక్ట్రానిక్ మీటరుతో సహా.

నేను కోనసీమ గ్యాస్ బావుల దగ్గర పనిచేసినోణ్ణి. అప్పట్లో గ్యాస్ లెక్క రాసే గుండ్రటి కాగితం చార్టు గడియారంలా తిరిగేది. ఎర్ర గీత ఒకటి, నీలి గీత ఒకటి. పెన్నులో ఇంకు ఎండిందా, ఆ పూట లెక్క గోవిందా! ఇప్పుడు చిన్న పెట్టె తనే పీడనం, వేడి చూసి, అదే గ్యాస్ 15 డిగ్రీల దగ్గర ఎంత ఉంటుందో ఆ లెక్కకు మార్చి యూనిట్లు చూపిస్తుంది. ఇది చిన్న విషయం కాదు. మన ఎండకు గ్యాస్ 40 డిగ్రీలకు వేడెక్కితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. దిద్దుబాటు లేని మీటరైతే ఆ ఉబ్బుకు కూడా దోసెల పెనం మీదే డబ్బులు కట్టాలి.

గొడవంతా బిల్లుతోనే. మీటరు అంకె కళ్ళముందే ఉన్నా మొదటి బిల్లు 'సగటు' అని వేశారు. ఫోటో తీసుకుని రెండుసార్లు తిరిగితే గానీ దిద్దలేదు. మీటరును పడమటి గోడకు బిగించారు, సాయంత్రం ఎండలో తెర కనబడదు. అల్లుడు చెయ్యి అడ్డం పెట్టి చదువుతాడు.

మీటరుకు నేనిచ్చేది నాలుగు స్టార్లు. బిల్లు పంపినోళ్ళకు ఒకటి, అదీ మొహమాటానికి.