పేట చూపించారు, పూట చూపించలేదు

కొత్త నగరానికి బదిలీ అయి అక్కడే ఇల్లు కొనుక్కోవాలనుకునే వారికి ఏ పేటలో వెతకాలో సలహా చెప్పే సంస్థలు ఈమధ్య చాలాచోట్ల వెలిశాయి. ఇల్లు చూపించడం వీరి పని కాదు. ఇల్లు ఎక్కడ వెతుక్కోవాలో చెప్పడం వీరి పని. అటువంటి ఒక సంస్థ సేవను మేము ఈ సంవత్సరం వాడుకున్నాము. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదు ఆ ఒక్క సంస్థ మీద కన్నా ఈ సేవ నడిచే తీరు మీద ఎక్కువ. ఇదే పద్ధతిలో పనిచేసే మరొకరి దగ్గరకు వెళ్ళినా మాకు ఇదే అనుభవం ఎదురయ్యేదని నా నమ్మకం.

మేము చెల్లించిన రుసుముకు దక్కినవి నాలుగు: ఒక ప్రశ్నావళి, అయిదు పేటల జాబితా, రెండు రోజుల పాటు కారులో తిప్పి చూపించడం, చివరగా 38 పేజీల నివేదిక. కొనదలచిన ఇంటి విలువలో అది వెయ్యో వంతు కూడా కాదు కనుక ధర విషయంలో నాకు అభ్యంతరమేమీ లేదు. అమ్మకందారుల నుంచి గాని ఏజెంట్ల నుంచి గాని తాము ఏమీ పుచ్చుకోమని ఒప్పందంలోనే రాసి ఇచ్చారు. నన్ను ఒప్పించినది నిజానికి ఆ ఒక్క వాక్యమే, ఎందుకంటే తన చేతిలో అమ్మకానికి ఇల్లు ఉన్నంతవరకు ఏజెంటు కంటికి ప్రతి పేటా మంచి పేటే.

ప్రశ్నావళి చాలా బాగుంది. ఎన్ని గదులు కావాలి, తోట కావాలా అన్నవి చివరి పేజీలోకి నెట్టేసి, ఇంట్లో ఎవరెవరు రోజూ ఏ వేళకు ఎక్కడికి వెళతారు, తిరిగి ఏ వేళకు వస్తారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టారు. మా జవాబుల నుంచి వాళ్ళు తయారుచేసిన మొదటి వస్తువు ఒక పటం. నా కార్యాలయం నుంచి అరగంటలో చేరుకోగలిగిన చోట్లన్నింటినీ కలుపుతూ దాని మీద ఒక గీత గీశారు. ఆ గీత వృత్తంలా ఉండదు. రైలు మార్గం, వెడల్పైన రోడ్లు ఉన్న దిక్కున వేళ్ళు చాచినట్టు సాగి, నది, రైల్వే యార్డు అడ్డుపడిన దిక్కున పిడికిలిలా ముడుచుకుపోతుంది. ఈ రకం పటాలు కొత్తవేమీ కావు. లండన్ నుంచి ప్రపంచంలో ఏ మూలకు ఎన్ని రోజుల్లో చేరుకోవచ్చో రంగులతో చూపే పటాన్ని ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1881లోనే ప్రచురించాడు. అయితే ఊరు తెలియని మనిషికి దీనంత ఉపకారం చేసే కాగితం మరొకటి లేదని నా అభిప్రాయం. కార్యాలయానికి దాదాపు ఒకే దూరంలో ఉన్న రెండు పేటల్లో ఒకటి గీత లోపల, రెండవది గీతకు చాలా ఆవల ఉండడం చూశాక, కిలోమీటర్లలో ఆలోచించడం మేము మానేశాము.

ప్రయాణం మీద ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారు ఉంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో 909 మంది ఉద్యోగినులు తమ ముందురోజును ఘట్టాలుగా విడదీసి, ఒక్కొక్క ఘట్టంలో తమ మనసు ఎలా ఉన్నదో నమోదు చేశారు. అందులో అట్టడుగున నిలిచినవాటిలో ఉద్యోగానికి వెళ్ళే ప్రయాణం ఒకటి. వంటగది పాతబడితే మార్పించుకోవచ్చు, రోజుకు రెండుసార్లు దాటవలసిన వంతెనను మార్పించుకోలేము.

అయితే చిక్కు కూడా ఆ పటంతోనే మొదలయింది. జాబితాలో మొదటి స్థానంలో నిలిచిన పేట నుంచి కార్యాలయానికి 28 నిమిషాలని నివేదిక చెప్పింది. ఒక మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు నేను స్వయంగా అదే దారిలో వెళ్ళి చూస్తే 51 నిమిషాలు పట్టింది. నివేదిక అడుగున చిన్న అక్షరాల్లో, ఈ లెక్క రోజంతటి సగటు వేగం ఆధారంగా వేసినదని రాసి ఉన్నది. మధ్యాహ్నం రెండు గంటలకు, రాత్రి పది గంటలకు ఖాళీగా పడి ఉండే రోడ్డును కూడా కలుపుకుని తీసిన సగటు, ఎనిమిదిన్నరకు బయలుదేరే మనిషికి ఎందుకు పనికివస్తుంది? ప్రశ్నావళిలో ఏ వేళకు వెళతారని అడిగినవారు, పటం గీసేటప్పుడు ఆ జవాబును పక్కన పెట్టారు.

నివేదికలో ప్రతి పేటకూ నూటికి ఇన్ని అంటూ నడక మార్కులు కూడా ఉన్నాయి. 2007లో మొదలైన వాక్ స్కోర్ అనే వెబ్‌సైట్ ఈ తరహా మార్కులకు ప్రచారం తెచ్చింది. అయిదు నిమిషాల నడకలో ఉన్న దుకాణానికి, బడికి, పార్కుకు పూర్తి మార్కులు, దూరం పెరిగేకొద్దీ తక్కువ మార్కులు, అరగంట నడక దాటితే సున్నా అన్నది దాని మూలసూత్రం. సూత్రంలో తప్పేమీ లేదు. కానీ ఎటువంటి మార్కులైనా దారి వెంట కొలిచినవా, పటం మీద తిన్నగా గీత గీసి కొలిచినవా అని అడిగి తీరాలి. మేము చూసిన ఒక ఇంటి గేటు దగ్గర నిలబడితే మందుల దుకాణం బోర్డు మీది అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా కనిపించింది. దానికీ మాకూ మధ్య ఆరు వరుసల రోడ్డు, నడుమ నడుమెత్తు డివైడర్ ఉన్నాయి. కుడివైపుకు వెళ్ళి పాదచారుల వంతెన ఎక్కి దిగి ఆ దుకాణం గడప తొక్కేసరికి 14 నిమిషాలయింది. ఆ ఇల్లున్న పేటకు 86 మార్కులు వేశారు. ఆ వంతెనకు లిఫ్టు లేదు, మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఇంతకన్నా వివరించనక్కరలేదు.

వెంట తిరిగిన ఉద్యోగి గురించి మాత్రం మంచి మాటలే చెప్పాలి. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి కావడంతో నివేదికలో లేని సంగతులు ఎన్నో ఆయన నోట వినగలిగాము. రెండవ రోజు ఒక వీధిలో కారు ఆపించి, ఇళ్ళను కాదు, వాటి గడపలను చూడమన్నాడు. పాత ఇళ్ళలోకి వెళ్ళాలంటే రోడ్డు మీద నుంచి రెండు మెట్లు కిందికి దిగాలి. కొత్త ఇళ్ళలోకి నాలుగు మెట్లు ఎక్కాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతూ వచ్చిందని, కొత్తగా కట్టుకున్నవాళ్ళు ఏదో చూసి, భయపడి పునాదులు లేపుకున్నారని ఆ మెట్లే చెబుతున్నాయన్నాడు. తరువాత ప్రహరీ గోడ దగ్గరకు తీసుకువెళ్ళి, మోకాలి ఎత్తున సున్నం రంగు మారిన గీతను చేత్తో తడిమి చూపించాడు. వీధి పొడవునా ప్రతి గోడ మీదా అదే ఎత్తున ఆ గీత ఉన్నది. కరెంటు మీటర్లను తల ఎత్తుకు మార్చిన గుర్తులు, పాతవి పీకేసిన చోట మిగిలిన బోల్టు రంధ్రాలు కూడా కనిపించాయి. ఆ పది నిమిషాలకే రుసుము మొత్తం చెల్లిపోయిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ వీధి వందేళ్ల వరద హద్దులో ఉన్నదని నివేదిక రాసింది. ఆ మాట విని వందేళ్ళకు ఒకసారి కదా అని ధైర్యం తెచ్చుకునేవారు చాలామంది ఉంటారు, మొదట నేనూ ఆ కోవలోనివాడినే. ఆ మాటకు అర్థం ఏటా నూటికి ఒకటి చొప్పున వరద వచ్చే అవకాశం ఉన్నదని మాత్రమే. నిరుడు వచ్చింది కనుక ఈ ఏడు రాదన్న హామీ అందులో లేదు. 30 ఏళ్ల గృహరుణం తీరేలోపు కనీసం ఒక్కసారైనా ఆ నీరు గడప దాటే అవకాశం లెక్క వేస్తే నూటికి 26 దాకా తేలుతుంది. నాలుగింట ఒక వంతు అన్నమాట. నివేదికలో ఈ లెక్క ఉండి తీరవలసింది, లేదు.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. మమ్మల్ని తిప్పిన రెండు రోజులూ శనివారం, ఆదివారం. వేళ ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు. లోకంలో ఏ పేట అయినా అందంగా కనిపించే వేళ అది. జాబితాలో మొదటిదైన పేటను నివేదిక ప్రశాంతమైనదని వర్ణించింది, శనివారం మధ్యాహ్నం అది నిజంగా ప్రశాంతంగానే ఉన్నది. మంగళవారం రాత్రి పదకొండు గంటలకు నేను ఒక్కడినే మళ్ళీ వెళ్ళి, అమ్మకానికి పెట్టిన ఇంటి మెట్ల మీద కూర్చున్నాను. పావుగంట గడిచాక మొదటి లారీ వచ్చింది. పగటిపూట భారీ వాహనాలను ఆ దారిలోకి రానివ్వరని, రాత్రి పదకొండు దాటితే అవి ఆ రోడ్డు మీదుగానే ఊరు దాటుతాయని అప్పుడు తెలిసింది. పక్కన పెట్టుకున్న సీసాలో నీళ్ళు వణకడం వీధి దీపం వెలుతురులో కనిపించింది. కుక్కను తిప్పడానికి వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి ఆగి, కొనడానికి వచ్చారా అని అడిగి, మొదటి నెల నిద్ర పట్టదని, తరువాత అలవాటయిపోతుందని, వానాకాలంలో చప్పుడు ఇంకాస్త ఎక్కువని ఓపికగా చెప్పాడు. 38 పేజీల్లో దొరకని సమాచారం మూడు వాక్యాల్లో దొరికింది.

రాత్రివేళ రోడ్డు రొద ఇంటి బయట 45 డెసిబెల్స్ కన్నా తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో సూచించింది. ఆ రాత్రి నా ఫోను 70 దాకా చూపించింది. ఫోను కొలత కచ్చితం కాదు. పైగా ఆ 45 అన్నది ఏడాది పొడవునా రాత్రుల సగటు కనుక, ఒక లారీ దాటిన క్షణంలో కనిపించిన అంకెను దానితో నేరుగా పోల్చడం న్యాయం కాదు. న్యాయం కాకపోయినా, అందులోనే నా ఫిర్యాదు మొత్తం ఉన్నది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి చప్పుడు సుమారు రెట్టింపుగా వినిపిస్తుంది. పది నిమిషాల నిశ్శబ్దాన్నీ పది సెకన్ల లారీనీ కలిపి సగటు తీస్తే కాగితం మీద మర్యాదగా ఉండే అంకె వస్తుంది కానీ, నిద్రలేపేది సగటు కాదు, లారీ.

నివేదికలో ఒక పని మాత్రం మెచ్చుకోదగిన రీతిలో చేశారు. ఏ పేటలో ఎటువంటి మనుషులు ఉంటారన్న వర్ణన జోలికి పోలేదు. ఆ సమాచారం కావాలని అడిగే కొనుగోలుదారులు ఎందరో ఉంటారని తెలిసి కూడా పోకపోవడం సంస్థకు గౌరవం. నేరాల అంకెలు ఇచ్చారు కానీ, వాటిని చదవవలసిన పద్ధతి చెప్పలేదు. రైల్వే స్టేషన్, బజారు ఉన్న పేటలో పగలు వేలమంది తిరుగుతారు, నివసించేవారు కొద్దిమందే. జరిగిన దొంగతనాలను ఆ కొద్దిమంది జనాభాతో భాగిస్తే ఆ పేట భయంకరంగా కనిపిస్తుంది. మా రెండవ ఎంపికను ఆ అంకె చూసే దాదాపు వదులుకోబోయాము.

సంస్థ చేయని పనులు రెండు మేమే చేసుకున్నాము, రెండింటికీ పైసా ఖర్చు కాలేదు. మేము చూసిన ఒక ఇంటికి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం దేనికి కేటాయించారో నగర భూ వినియోగ పటంలో చూశాము. పార్కు అవుతుందనుకున్నది బస్సుల డిపో అని తేలింది. రెండవది, వీధులను ఫొటోల్లో చూపే గూగుల్ స్ట్రీట్ వ్యూలో పాత ఫొటోలను కూడా చూసే వీలు 2014 నుంచి ఉన్నది. అన్ని వీధులకూ ఉండవు కానీ ఉన్నచోట అవి బంగారం. ఒకే వీధిని ఏడెనిమిదేళ్ళ వ్యవధిలో తీసిన నాలుగు ఫొటోల్లో చూస్తే, ఏ దుకాణం షట్టర్ ఎప్పుడు మూతపడి మళ్ళీ తెరుచుకోలేదో, ఏ చెట్టు పోయిందో, ఏ ఫుట్‌పాత్ పార్కింగ్ అయిపోయిందో తెలిసిపోతుంది. మొదటి పేటలో వరుసగా మూడు షట్టర్లు అలా మూతపడి ఉండిపోయాయి.

అయిదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను: ప్రశ్నావళికి ఒకటి, వెంట తిరిగిన ఉద్యోగికి ఒకటి, ఏజెంట్ల నుంచి ఏమీ పుచ్చుకోనందుకు ఒకటి. ఊళ్ళో తెలిసినవారు ఎవరూ లేక, వెతకడానికి రెండు మూడు వారాలకు మించి సమయం లేనివారికి ఇరవై పేటలను అయిదుకు తగ్గించి ఇవ్వడం చిన్న సాయమేమీ కాదు. ఆ అయిదింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి మాత్రం ఈ నివేదిక మీద ఆధారపడవద్దు. ఒప్పందం చేసుకునే ముందే, రెండు రోజుల్లో ఒకటి పనిదినం కావాలని, అందులో ఉదయపు రద్దీ వేళ, రాత్రి పదకొండు తరువాత ఒక గంట చేర్చాలని అడగండి. మేము తరువాత అడిగితే, రాత్రి సందర్శన తమ ప్యాకేజీలో లేదని, ఉద్యోగుల పనివేళలు సాయంత్రం అయిదుతో ముగుస్తాయని మర్యాదగా జవాబిచ్చారు.

మేము రెండవ ఎంపిక చేసిన పేటలో ప్రస్తుతానికి ఆరు నెలల అద్దెకు దిగాము. స్టేషన్ దగ్గరే కావడంతో రాత్రి పదకొండున్నరకు చివరి రైలు శబ్దం వినిపిస్తుంది, ఆ తరువాత తెల్లవారుజామున అయిదు దాకా ఏమీ ఉండదు. వానాకాలం వచ్చి వెళ్ళేదాకా ఇల్లు కొనే మాట ఎత్తకూడదని ఇంట్లో అందరం అనుకున్నాము.