లక్కీలీ, ఫార్చునేట్లీ, థాంక్‌ఫుల్లీ: ఎక్కడ ఏది మేలు?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఇంగ్లిష్ మాట్లాడటం నేర్చుకునేవాళ్లలో చాలామంది 'అదృష్టవశాత్తు' అంటే 'ఫార్చునేట్లీ' అని ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. తప్పేం కాదు. కానీ మన నోట 'అదృష్టవశాత్తు' ఎన్నిసార్లు వస్తుంది? పేపర్లో బస్సు బోల్తా పడ్డ వార్తలో వస్తుంది. ఇంట్లో, బజార్లో మనం అనేది 'ఇంకా నయం', 'హమ్మయ్య', 'దేవుడి దయ', 'టయానికొచ్చావు కాబట్టి సరిపోయింది'. ఇంగ్లిష్‌లోనూ ఇలాగే ఒక్కో సందర్భానికి ఒక్కో మాట ఉంది. ఒకదాని చోట ఇంకోటి పెడితే వ్యాకరణం చెడదు, కానీ చెప్పే విషయం బరువు మారిపోతుంది. అందుకే ఈ మాటల్ని పక్కపక్కన పెట్టి చూడటం అవసరం.

ముందు లక్కీలీ, ఫార్చునేట్లీల సంగతి. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట దగ్గర అర్ధరాత్రి కరెంటు పోయిందనుకోండి. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, కాసేపటికి రొయ్యలు పైకి తేలడం మొదలుపెడతాయి. గుంట మీద లక్షలు పెట్టినవాడికి ఆ కాసేపు గుండె చేతిలో ఉంటుంది. పది నిమిషాల్లో కరెంటు వచ్చేసింది. ఇది ఎవరి చేతుల్లోనూ లేదు, దానంతటది కలిసొచ్చింది. ఇక్కడ 'లక్కీలీ, ద పవర్ కేమ్ బ్యాక్ ఇన్ టెన్ మినిట్స్' అనాలి. అదే కరెంటు తెల్లారిందాకా రాలేదు, జనరేటర్ వేసి గుంటను కాపాడుకున్నారు. అప్పుడు 'ఫార్చునేట్లీ, వి హ్యాడ్ ఎ జనరేటర్' అంటే బాగుంటుంది. జనరేటర్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎవరో ముందుచూపుతో కొన్నారు, డీజిల్ పోయించి పెట్టారు. రెండో వాక్యంలో లక్కీలీ పెట్టినా ఇంగ్లిష్‌వాళ్లు తప్పుబట్టరు, వాళ్లూ అలా అంటుంటారు. కానీ కేవలం కాకతాళీయంగా జరిగినదానికి లక్కీలీ, పరిస్థితి మనకు అనుకూలంగా ఉన్నప్పుడు ఫార్చునేట్లీ అన్న తేడా మనసులో ఉంటే మాట ఎప్పుడూ గురి తప్పదు. నాన్న ఇన్సూరెన్స్ కట్టి ఉండటం, ఫైలు ఇంకో కాపీ దాచి ఉండటం, ఆస్పత్రి ఊళ్లోనే ఉండటం, ఇవన్నీ ఫార్చునేట్లీ కిందికే వస్తాయి.

రెండో తేడా మర్యాదది. స్నేహితుడితో, పక్కింటివాళ్లతో మాట్లాడేటప్పుడు లక్కీలీ నోటికి తేలిగ్గా వస్తుంది. 'పినాకిని వజ్ లేట్. లక్కీలీ, ఐ కాట్ ఇట్' అంటే మన 'ఇంకా నయం, బండి లేటయింది, అందింది' అన్నంత సహజంగా ఉంటుంది. అదే చోట ఫార్చునేట్లీ అంటే కొంచెం ఉపన్యాసం వాసన వేస్తుంది. ఇంకా ఇంటి మాటలా ఉండాలంటే 'గుడ్ థింగ్ యు కేమ్' అనొచ్చు. 'నువ్వు రావడం మంచిదయింది' అన్నదానికి అంతకంటే దగ్గర మాట లేదు.

ఆఫీసు ఉత్తరాల్లో మాత్రం నా ఓటు పూర్తిగా ఫార్చునేట్లీకే. చీమకుర్తి గ్రానైట్ బయటి దేశాలకు పోతుంది, అక్కడి బ్లాక్ గెలాక్సీ రాయికి ప్రపంచమంతా గిరాకీ ఉంది. అలాంటి ఎగుమతి ఆఫీసులో కూర్చున్న అమ్మాయి కొనేవాళ్లకు మెయిల్ రాయాలి. 'అన్‌ఫార్చునేట్లీ, ద కంటైనర్ ఈజ్ డిలేడ్ బై ఎ వీక్. ఫార్చునేట్లీ, ద స్లాబ్స్ ఆర్ నాట్ డ్యామేజ్డ్.' చెడ్డ కబురు, వెంటనే ఊరట కబురు, రెండూ ఒకే తూకంలో ఉన్నాయి. ఫార్చునేట్లీకి ఉన్న అసలు బలం ఈ 'అన్‌ఫార్చునేట్లీ'యే. సీటు లేదని, డబ్బు పడలేదని, ఇంటర్వ్యూకి రాలేనని చెప్పాలంటే రోజూ అవసరమయ్యే మాట అది. 'అన్‌లక్కీలీ' అని కూడా ఉంది గానీ వినపడేది చాలా తక్కువ. ఒక మాట నేర్చుకుంటే దాని ఎదుటి మాట కూడా చేతికొస్తుంది కాబట్టి, ముందు ఏది నేర్చుకోవాలని అడిగితే నేను ఫార్చునేట్లీ అనే చెబుతాను.

ప్రాణాల మీదికొచ్చిన సంగతుల్లో లక్కీలీ జోలికి పోవద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. కోవూరు వైపు హైవే మీద రాకపోకలు నిలిచిపోయాయి. అలాంటి రోజుల్లో బయటి దేశంలో ఉన్న కొడుకు తన ఆఫీసులో ఇంటి సంగతి చెప్పాలంటే 'అవర్ హౌస్ వజ్ ఫ్లడెడ్. థాంక్‌ఫుల్లీ, ఎవ్రీవన్ ఈజ్ సేఫ్' అనాలి. లక్కీలీ అంటే లాటరీ తగిలిన చప్పుడు వినిపిస్తుంది. థాంక్‌ఫుల్లీలో 'హమ్మయ్య' ఉంది, భయపడి తేరుకున్న మనిషి ఊపిరి ఉంది. మనిషి దక్కినప్పుడు, జ్వరం తగ్గినప్పుడు, తప్పిపోయిన పిల్లాడు దొరికినప్పుడు దీనికి మించిన మాట లేదు.

కానీ ఆ మాటతోనే ఒక చిక్కుంది. థాంక్‌ఫుల్లీకి పాత అర్థం 'కృతజ్ఞతతో' అని. వాక్యం చివర కామా లేకుండా వస్తే ఇప్పటికీ అదే అర్థం. 'షి లెఫ్ట్ థాంక్‌ఫుల్లీ' అంటే ఆమె కృతజ్ఞతగా సెలవు తీసుకుంది. 'థాంక్‌ఫుల్లీ, షి లెఫ్ట్' అంటే హమ్మయ్య, వెళ్లిపోయింది, పీడ వదిలింది. ఇంటికొచ్చి వెళ్లిన పెద్దత్త గురించి రెండోది అన్నామంటే కొంప మునుగుతుంది. ఇలా వాక్యం మొత్తానికి ముందు పెట్టి వాడటాన్ని కొందరు పండితులు చాలాకాలం ఒప్పుకోలేదు. ఇదే తరహా మాట 'హోప్‌ఫుల్లీ' మీద ఇంకా పెద్ద గొడవ నడిచింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఏ మాట ఎలా రాయాలో చెప్పే తన స్టైల్‌బుక్‌లో దాన్ని ఒప్పుకున్నది 2012లో. ఇప్పుడు రెండూ ధైర్యంగా వాడుకోవచ్చు.

'బై గాడ్స్ గ్రేస్' గురించి కూడా అడుగుతారు. తప్పు కాదు, అందరికీ అర్థమవుతుంది. మనసులో భక్తి ఉంటే మాటల్లో నిరభ్యంతరంగా అనండి. వ్యాపారం ఉత్తరాల్లో మాత్రం వద్దు.

ఇక అసలు ఏ మాటా వాడకూడని చోటు ఒకటుంది. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. కావలి, కందుకూరు, గిద్దలూరు వైపు నుంచి కష్టపడి చదువుకుని వచ్చిన పిల్లలు ఇంటర్వ్యూలో 'లక్కీలీ, ఐ గాట్ నైంటీ పర్సెంట్' అనేస్తారు. మన దగ్గర అది సంస్కారం. ఉద్యోగం వచ్చిందంట కదా అని ఎవరైనా అడిగితే 'ఏదో, మీ అందరి దయ' అంటాం, విన్నవాళ్లకు అందులోని వినయం తెలుసు. ఎదురుగా కూర్చున్న ఇంగ్లిష్ అధికారికి అది వినయంలా వినపడదు, మార్కులు గాలివాటంగా వచ్చాయన్నట్టు వినపడుతుంది. రాత్రిళ్లు మేలుకుని చదివిన చదువును ఒక్క మాటతో తుడిచేసుకోవద్దు. 'ఐ వర్క్డ్ హార్డ్ ఫర్ ఇట్' అని నేరుగా చెప్పండి. అలా అనడం గర్వంగా అనిపిస్తే అదృష్టాన్ని మార్కుల మీద నుంచి తీసి మనుషుల మీద పెట్టండి: 'ఐ వజ్ ఫార్చునేట్ టు హ్యావ్ ఎ గుడ్ మ్యాథ్స్ టీచర్.' వినయం నిలిచింది, కష్టమూ నిలిచింది.

మాట పెట్టే చోటు గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. వాక్యం మొదట పెట్టి కామా ఇస్తే చాలు. చివర కూడా పెట్టొచ్చు: 'వి గాట్ సీట్స్, లక్కీలీ.' ఎవరికి కలిసొచ్చిందో చెప్పాలంటే 'లక్కీలీ ఫర్ అజ్', 'ఫార్చునేట్లీ ఫర్ హిమ్'. మన పిల్లల నోట తరచూ వచ్చే 'బై లక్కీ ఐ గాట్ సీట్' మాత్రం మానేయాలి. 'బై లక్' అనొచ్చు, 'బై లక్కీ' అనకూడదు.

పలకడంలో మనవాళ్లు ఫార్చునేట్లీలో 'నే' అని గట్టిగా సాగదీస్తారు. ఇంగ్లిష్‌వాళ్లు ఒత్తేది మొదటి అక్షరాన్నే, మిగతాది 'ఫోర్చనట్లి' అని గబగబా జారిపోతుంది. లక్కీలీ కూడా అంతే, 'లకిలి' అని పొట్టిగా అంటారు. నోరు తిరిగేదాకా రోజూ పడుకునే ముందు ఆ రోజు కలిసొచ్చిన సంగతి ఒకటి, ఎదురు తిరిగినది ఒకటి తీసుకుని, ఫార్చునేట్లీతో ఒక వాక్యం, అన్‌ఫార్చునేట్లీతో ఒక వాక్యం బయటికి వినపడేలా అనండి.