యాంటీఆక్సిడెంట్ పరీక్షల ప్యాకేజీ కొనేవారు జాగ్రత్త: నా రిపోర్టులోని ‘అత్యుత్తమం’ కథ

ఈ ప్యాకేజీ ఎవరు అమ్ముతున్నారో మీలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. మూడు నెలల కిందట ఇంటికి వచ్చి రక్తం తీసుకుని, ‘యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం తక్కువ’ అని తేల్చి, 6,800 రూపాయల క్యాప్సూళ్లు అంటగట్టారు. మొన్న మళ్లీ పరీక్షించి ‘అత్యుత్తమం’ అని ఆకుపచ్చ రంగులో పంపారు.

ఆ రిపోర్టు తర్వాతి పేజీలోనే యూరిక్ ఆమ్లం డెసిలీటరుకు 9.2 మిల్లీగ్రాములని ఉంది. మొదటిసారి అది 6.1. పరీక్ష పద్ధతి ఏదని వెతికితే, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ‘ఫ్రాప్’ అని కనిపించింది. 1996లో బెంజీ, స్ట్రెయిన్ ప్రకటించిన ఈ పద్ధతిలో, ప్లాస్మాలోని, అంటే రక్తంలోని ద్రవభాగంలోని, పదార్థాలు ఇనుమును ఫెర్రిక్ రూపం నుంచి ఫెర్రస్ రూపానికి మార్చినప్పుడు వచ్చే నీలిరంగును 593 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. ఆరోగ్యవంతుల ప్లాస్మాలో సైతం ఆ రంగులో దాదాపు 60 శాతం యూరిక్ ఆమ్లం చలవే. గ్లూటాథయోన్ వంటి యాంటీఆక్సిడెంట్లు ఈ పరీక్ష లెక్కలోకి సరిగా రానే రావు. నా కాలి బొటనవేలు వాచిపోయి చెప్పు పట్టకుండా చేసిన ఆ యూరిక్ ఆమ్లానికే వీళ్లు ప్రథమశ్రేణి ఇచ్చారు. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు ఆక్సీకరణ, క్షయకరణ చర్యలు బోధించిన ఘనుడిని, డబ్బు కట్టేముందు ఆ ఒక్క పదం చదవలేకపోయాను.

ఫోన్ చేసి, యూరిక్ ఆమ్లం వాటా తీసేస్తే ఎంత మిగులుతుందని మర్యాదగానే అడిగాను. కౌన్సిలర్‌నని చెప్పుకున్న అమ్మాయి సగం వినకుండానే, “అంకుల్, బాగుందని వచ్చినా గొడవేనా? ఇవన్నీ మీకు అర్థం కావులెండి” అంది. ఆపైన, నేను ఫోన్ పెట్టేశాననుకుంది కాబోలు, పక్కనున్నవారితో “పెద్దాయనే, ఇంకో మూడు నెలల కోర్సుకు ఒప్పించేస్తా” అంటూ నవ్వింది. పోయిన డబ్బు కన్నా ఆ నవ్వే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

రక్తపోటుకు రెండు నెలల కిందట మొదలుపెట్టిన థయజైడ్ మాత్ర వల్ల యూరిక్ ఆమ్లం పెరిగి ఉంటుందని మా డాక్టరుగారు చెప్పి, దాన్ని మార్చారు. క్యాప్సూళ్లు కొట్టేసిన కీర్తి ఆ మాత్రది!

కొనేవారు ముందుగా పద్ధతి పేరు అడగండి, యూరిక్ ఆమ్లం అంకెను పక్కన పెట్టుకుని చూడండి. రక్తాన్ని ఐసు లేని సంచిలో పట్టుకెళ్తుంటే ఆపండి, అందులోని విటమిన్ సి దారిలోనే తగ్గిపోతుంది. మిగిలిన రెండు డబ్బాలను వాపసు తీసుకోరట, ఒకదానికి సీలు తీశానట.